పొగ ఆగాక కూడా

ఈ ఉదయం తెనాలి బస్టాండు దగ్గర ఒక పాత వ్యాను నీలం పొగ వదులుతూ వెళ్లింది. కాలిన ఆయిల్ వాసన. ఆ వాసన తగిలితే చాలు, నాకు శకుంతలమ్మ గారు గుర్తొస్తారు.

డెబ్బైల మొదట్లో బాపట్లలో ఆమె దగ్గర నర్సుగా చేరాను. ఆమె కాన్పుల డాక్టరు. తన పాత కారును తానే నడుపుకుంటూ రేపల్లె అవతలి పల్లెల దాకా వెళ్లేవారు. కుదురుగా కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు.

ఒకసారి కారు పొగ చిమ్ముతుంటే తెనాలిలో ఇస్మాయిల్ అనే మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాం. అతను ప్లగ్గులు శుభ్రం చేశాడు. పొగ ఆగింది.

"అయిపోయిందమ్మా, ఇక వెళ్లొచ్చు."

"పొగ ఎందుకొచ్చిందో చెప్పు ముందు."

"ఆగింది కదండీ!"

"మళ్లీ దారిలో వస్తేనో? కాన్పు నా కోసం ఆగుతుందా?"

అతను విసుక్కుంటూనే ఇంజన్లోకి గాలి, పెట్రోలు వెళ్లే గొట్టం విప్పాడు. లోపల ఆయిల్ ఉంది. అది చూశాక విసుగు మరిచి తనూ వెతకసాగాడు. కార్బురేటర్ వైపు పొడిగానే ఉంది. చివరి సిలిండర్ దగ్గర మాత్రం జిడ్డుగా తడి. అక్కడి వాల్వును పట్టుకుని కదిపితే అటూ ఇటూ ఊగింది.

"వాల్వు కదిలే గైడు అరిగిపోయిందండీ. ఆయిల్ దీని పక్కనుంచే దిగుతోంది."

గైడు మార్చేదాకా ఆమె షెడ్డులో పచార్లు చేస్తూనే ఉన్నారు. ఈవిడకు ఎప్పటికైనా మనసు నిలుస్తుందా అనుకున్నాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే అడవులదీవి నుంచి పిలుపొచ్చింది. చేపలవాళ్ల కోడలు పోలేరమ్మ. మేము చేరేసరికే మంత్రసాని కాన్పు చేసేసింది. రక్తం బాగా పోయిందట. డాక్టరమ్మ ఇచ్చిన ఇంజెక్షన్‌తో ఆగింది. కొంతసేపు చూసి బయలుదేరాం. రేపల్లె దారిలో ఆమె ఉన్నట్టుండి కారు ఆపారు.

"సుశీలా, మాయ అంతా వచ్చిందని ఎవరు చూశారు?"

"మంత్రసాని చూశానందండీ."

"నేను చూడలేదుగా."

కారు వెనక్కి తిప్పారు. పోలేరమ్మ అత్త గుమ్మంలోనే ఆశ్చర్యపోయింది. "ఆగిపోయిందమ్మా, మళ్లా వచ్చారేంటి?"

డాక్టరమ్మ నేరుగా లోపలికెళ్లి పొత్తికడుపు మీద చెయ్యి వేశారు. గట్టిగా ఉండాల్సిన గర్భసంచి మెత్తగా ఉంది. నొక్కగానే లోపల పేరుకున్న రక్తం ఒక్కసారిగా బయటికొచ్చింది. మాయ ముక్క ఒకటి లోపలే ఉండిపోయింది. ఆమె దాన్ని తీస్తుంటే నేను లాంతరు దగ్గరగా పట్టుకున్నాను. పోలేరమ్మ బతికింది.

తిరుగు దారిలో మెచ్చుకోబోయాను. "ముందే చూడాల్సింది," అని మాత్రం అన్నారు.

తర్వాత ఎన్నో ఏళ్లు ఆసుపత్రుల్లో పనిచేశాను. డ్యూటీ దిగి బస్సెక్కబోతూ వార్డుకు తిరిగి వెళ్లిన రోజులు చాలా ఉన్నాయి. ఎక్కువసార్లు అంతా బాగానే ఉండేది. అలాగని వెళ్లడం మానలేకపోయాను. ఇప్పుడు ఉద్యోగం లేదు. అయినా పక్కింటి పాపకు జ్వరం తగ్గిందంటే, "ఎందుకొచ్చిందో తేలిందా?" అంటాను. వాళ్లమ్మ విసుక్కుంటుంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి మళ్లీ ఆ తలుపు తడతాను.