అవ్వ పోయాక చుట్టిన కండెలు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెబుతాను. మా అవ్వ ముందున్న రాట్నం లాగేసి అటక మీద పెట్టాను. ఆమె చుట్టిన పట్టు చిక్కుపడి, చీరలో గీత పడిందని నా కోపం. చీర తీసుకోవడానికి వచ్చిన షావుకారు ఎదురుగానే, "నీ చేతులింగ పనికిరావు, మూల కూచో అవ్వా" అన్నాను.

అవ్వ చేతులు ఒడిలో పెట్టుకుని చూసుకుంది. "మగ్గం నిలబడిపోతాది కదప్పా" అంది. అంతే.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ధర్మవరంలో మగ్గం నేసేవాణ్ణి. పోగు తెగితే ఎక్కడ తెగిందో వెతికి ముడి వేయడమే నాకు తెలిసిన పని.

అవ్వ గాండ్లపెంట వైపు పల్లె నుంచి కోడలిగా వచ్చింది. తాత మగ్గంలో కూర్చుంటే పక్కన అవ్వ రాట్నం. అడ్డపోగు చుట్టిన చిన్న గొట్టాన్ని కండె అంటాం. దాన్ని, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టి నేస్తాం. కాసేపటికే ఖాళీ అవుతుంది. తాత ఏనాడూ కండె కావాలని అడగలేదు. నాడె చప్పుడు తేలికైతే చాలు, అవ్వ చేయి కొత్త కండెతో ఆయన మోచేతి దగ్గర ఉండేది. ఆయనకు పక్షవాతం వచ్చాక నాలుగేళ్ళు ముద్దలు కలిపి పెట్టింది. ఆయన పోయాక నాకు చుట్టింది. నా కూతురి ఉయ్యాల తాడు కాలికి కట్టుకుని ఊపుతూ, చేత్తో రాట్నం తిప్పేది.

రాట్నం తీసేసిన తొమ్మిదో రోజున అవ్వ పోయింది. జబ్బేమీ లేదు. కర్మ రోజున హిందూపురం నుంచి వచ్చిన మా అత్త, అవ్వ కూతురు, అందరి ముందూ నా చేయి పట్టుకుంది. "కడాకు నువ్వన్నా మాయమ్మకు పని తప్పించి కూచోబెట్టినావు నాయనా" అంది. నేను తల ఊపాను.

తరువాతి వారం నా భార్య పాపను తీసుకుని చెల్లెలి కాన్పుకని పెనుకొండ వెళ్ళింది. ఆ ఉదయమే నేరేడు రంగు వేయించిన పట్టు తెచ్చాను. అవ్వ ఉండగా ఆ రంగు మా ఇంట్లో లేదు. నా భార్య రాట్నంతో పన్నెండు కండెలు చుట్టుకుని, తలుపు గడియ వేసి మగ్గం గుంటలో దిగాను.

చేయి చాపినప్పుడల్లా కండె అందింది. ఆకలేసి తల ఎత్తేసరికి మధ్యాహ్నం దాటింది. పన్నెండు కండెలతో మూరెడు నేస్తే గొప్ప. రెండు మూరలు దాటి ఉంది. బుట్టలో ఇంకా ఏడు నేరేడు రంగు కండెలున్నాయి. కండె చుట్టడం అయ్యాక పోగు కొసను నేను కుడివైపు దోపుతాను, నా భార్యా అంతే. ఎడమవైపు దోపేది మా ఇంట్లో అవ్వ ఒక్కతే. ఆ ఏడూ ఎడమవైపే దోపి ఉన్నాయి.

లేచి ఇల్లంతా తిరిగాను. గడియ వేసినట్టే ఉంది. అటక మీది రాట్నంపై దుమ్ము చెదరలేదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే మగ్గం నిలబడిందన్న భయం. నేనే చుట్టి మరిచానేమోనని ఎన్నిసార్లో అనుకున్నాను. మరి ఎడమచేతి దోపు నా వేళ్ళకు ఎలా వచ్చింది? ఇప్పటికీ తెలియదు.

ఆ చీర అమ్మలేదు. పూర్తయిన రోజే రైలెక్కి హిందూపురం వెళ్ళి, అవ్వతో అన్న మాట అన్నట్టే అత్తకు చెప్పాను.

"ఆ పొద్దు తల ఊపితివి కదరా" అంది.

"మెచ్చుకుంటాంటే బాగుండె అత్తా."

నేను ముందు పెట్టిన చీరను అత్త నా వైపు తోసింది. "మాయమ్మ బతికినన్నాళ్ళూ కండెలు చుట్టె, ఒక్క పట్టుచీర కట్టలే. నాకెందుకిది? మీ ఇంట్లో ఇంగొకతి చుట్టతాండాది. ఆ యమ్మికియ్యి, పో."

తిరుగు రైల్లో పెనుకొండలో దిగాను. చీర నా భార్య చేతిలో పెట్టి, అవ్వతో అన్న మాట ఆమెకూ చెప్పబోయాను.

"ఆ పొద్దే వంటింట్లోనుంచి వింటి" అంది. "నన్నూ ఒకనాటికి అట్లే అంటావని అనుకుంటి."

అననని చెప్పాను. ఆమె చీర మడత విప్పలేదు. నేనే విప్పి, ఆమె భుజం మీద కప్పాను.