ఎనిమోన్ ఉన్న ఇల్లు

బచేలి ఇనుపగని టౌన్‌షిప్‌లో డ్యూటీ దిగినవాళ్లంతా ముందు టీ కొట్టుకి పోతారు. యేసుపాదం మాత్రం ఇంటికొచ్చి, మోచేతుల దాకా పట్టిన గని ఎర్రదుమ్ముని సబ్బు తగలకుండా కడుక్కుని, గాజుతొట్టి ముందు కూర్చుంటాడు. అందులో ఒక ఎనిమోన్ ఉంది, రాతిని కరుచుకుని పువ్వులా విచ్చుకునే సముద్రజీవి; సబ్బు తగిలితే దానికి పడదు. దానికోసం విశాఖ వెళ్లినప్పుడల్లా రైల్లో డబ్బాలతో సముద్రపు నీళ్లు మోసుకొస్తాడు. పెళ్లి ఊసెత్తడం చుట్టాలు ఎప్పుడో మానేశారు. "ఇవాళ ఎండ చంపేసిందిరా," అని థర్మామీటర్ చూస్తూ దానితోనే చెప్పుకుంటాడు.

మొన్న సాయంత్రం గాలివానకి కరెంటు పోయి, తొట్టిలో గాలి వదిలే పంపు ఆగింది. ఎనిమోన్ పిడికిలిలా ముడుచుకుపోయింది. నీళ్లకి గాలి తగలాలని యేసుపాదం గ్లాసుతో ముంచి, ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోకే పోస్తూ కూర్చున్నాడు. పక్క క్వార్టర్ సుధారాణి పప్పుగిన్నెతో వచ్చింది.

"ఏంటి బాబాయ్ గారూ, అభిషేకాలు మీరు కూడా మొదలెట్టారా? నీళ్లు తగ్గాయి, గుప్పెడు ఉప్పు కలిపి పొయ్యనా?"

"అమ్మో, చంపేసేవు! ఆవిరయ్యేది నీళ్లే తల్లీ, ఉప్పు లోపలే ఉండిపోద్ది. తగ్గినమేరకు ఫిల్టర్ నీళ్లే పొయ్యాలి."

"సరే, గ్లాసిటిచ్చి అన్నం తినండి. పప్పు చల్లారిపోతోంది."

ఆమె అత్తగారి మీద చాడీలు చెబుతూ, తొట్టి నీళ్లే ముంచి ఎత్తు నుంచి పోస్తూ కూర్చుంది. ఎనిమోన్ మెల్లగా విచ్చుకుంది. కరెంటొచ్చి పంపు బుడబుడమంది.

"పంపు తిరుగుతోందిగా, ఇంకా పొయ్యాలా?"

"ఇంకాసేపు పొయ్యి తల్లీ," అన్నాడు యేసుపాదం, పప్పన్నం నెమ్మదిగా కలుపుకుంటూ.