ఇతర అంశాల్లో ఒక వీధిలైటు

కువైట్‌లో మా ఊరికి ఒక పంచాయతీ ఉంది. అసలు పంచాయతీ ఊళ్లోనే ఉంది. దానికి సర్పంచి, కార్యదర్శి, రంగు వెలిసిన భవనం, ఆ భవనం ముందు ఎప్పుడూ కట్టేసి ఉండే ఎవరిదో బర్రె, అన్నీ ఉన్నాయి. అయినా ఆ పంచాయతీ ఏ పని మొదలుపెట్టాలన్నా మమ్మల్ని ఒక మాట అడుగుతుంది. ఎందుకు అడగాలో ఏ చట్టంలోనూ రాసి లేదు. ఊళ్లో ఇంటికొకరు చొప్పున ఇక్కడున్నారు, వీళ్లు ఫోన్లో చెప్పినట్టే అక్కడ ఓట్లు పడతాయి. సర్పంచికి ఆ మాత్రం తెలుసు.

మేం ప్రతి శుక్రవారం కూర్చుంటాం. షువైఖ్‌లో ఒక గ్యారేజీ పైనున్న గదిలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఒంటిగంటకు. అధ్యక్షుడు ఆ గ్యారేజీలోనే మెకానిక్కు. ఇంజను చప్పుడు విని జబ్బేమిటో చెప్పగలడు గానీ, మనిషి చెప్పేది మాత్రం చివరిదాకా వినడు. నేను జాబ్రియాలో ఒక ఇంటి కారు తోలుతాను. ఇక్కడ నేను కార్యదర్శిని. నాకా పదవి రావడానికి కారణం నా చేతిరాత. గుండ్రంగా రాస్తాను. 'తీర్మానించడమైనది' అని ఎక్కడా ఆగకుండా రాయగలిగేది ఆ గదిలో నేనొక్కణ్ణే.

మినిట్స్ పుస్తకం తిరగేస్తే మా పాలన ఎలాంటిదో తెలుస్తుంది. ట్యాంకు కడిగించే విషయం, మురికికాలవ విషయం, బోరు మోటారు స్టార్టరును ఎవరింటి గోడకు బిగించాలన్న విషయం. ఒక వారం కోతుల గురించి చర్చించాం. కువైట్‌లో కోతులు లేవు కనుక ఊళ్లోవాళ్లు కొంచెం ఎక్కువ చేసి చెబుతున్నారని సభ అభిప్రాయపడింది. అది కూడా నేనే రాశాను.

సభ్యత్వం మగవాళ్లకే. మా ఊరి ఆడవాళ్లు ఇక్కడ మగవాళ్లకంటే ఎక్కువమందే ఉన్నారు, దాదాపు అందరూ ఇళ్లలో పనిచేస్తారు. వాళ్లు షువైఖ్ గదికి రావడం బాగుండదని మేమే అనుకున్నాం. బాగుంటుందా లేదా అని వాళ్లనెవరూ అడగలేదు. ఏదైనా చెప్పాలంటే నాకు వాయిస్ మెసేజి పెడతారు. దాన్ని నేను సభ చివర్లో 'ఇతర అంశాలు' కింద వినిపిస్తాను. అప్పటికి సగంమంది కునుకు తీస్తుంటారు.

ఆ చలికాలం మా ముందున్న ప్రధాన అంశం తోరణం. హైవే మీద బస్సు దిగినవాళ్లకు కనపడేట్టు ఊరి మొదట్లో సిమెంటు స్వాగత తోరణం కట్టించాలని గట్టిగా పట్టుబట్టాం. దాని మీద సింహాలు పెట్టాలా, నెమళ్లు పెట్టాలా అన్నది మూడు వారాలు నడిచింది. అధ్యక్షుడిది సింహాల పక్షం. "మన మేస్త్రీ సింహాన్ని సేస్తే కుక్క మాదిరి వస్తాదప్పా" అని ఒకాయన అభ్యంతరం చెప్పాడు. అభ్యంతరం నమోదు చేశాను. చివరికి ఒక పక్క సింహం, ఒక పక్క నెమలి అని రాజీ కుదిరింది. అవి రెండూ ఒకదాన్నొకటి చూసుకోవాలా, రోడ్డు వైపు చూడాలా అన్నది వాయిదా పడింది.

అదే సమయంలో సర్పంచి ఫోన్ చేశాడు. పంచాయతీ దగ్గర కొత్త వీధిలైటు ఒక్కటే మిగిలిందట. మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియదట. "తోరణానికి పెట్టేదా, కొత్తకాలనీ దోవకు పెట్టేదా? మీరు యాడ అంటే ఆడ" అన్నాడు. తల మీది మోపు మా నెత్తిన పెట్టినందుకు అతని గొంతు తేలికగా ఉంది.

కొత్తకాలనీ దోవ సంగతి నాకు అంతకుముందే తెలుసు. ఆ కాలనీలో మా మరదలి ఇల్లుంది. వరసకు తమ్ముడి భార్య. ఆ తమ్ముడు పోయి నాలుగేళ్లయింది. ఆమె ఇక్కడే, సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. కూతురు ఊళ్లో అవ్వ దగ్గర ఉండి పది చదువుతోంది. పదో తరగతివాళ్లకు బడి వదిలాక కూడా క్లాసులుంటాయి, పాప బస్సు దిగేసరికి చీకటి పడిపోతుంది. హైవే నుంచి కాలనీ దాకా అర కిలోమీటరు, రెండు పక్కలా సర్కారు కంప. స్తంభాలున్నాయి, లైటు లేదు. ఒక సాయంత్రం ఎవడో మోటారు సైకిలు మీద, హెడ్‌లైటు ఆర్పుకుని, పాప వెనకాలే నిదానంగా వచ్చాడు. ఏమీ చేయలేదు, ఏమీ అనలేదు. కాలనీ దాకా వచ్చి వెనక్కి తిప్పుకుని పోయాడు. అవ్వ ఖరాఖండిగా చెప్పేసింది. దోవకు లైటైనా పడాలి, పిల్ల బడైనా మానాలి.

మరదలి మెసేజి నాకు ఇప్పటికీ మాట పొల్లుపోకుండా గుర్తుంది. "బావా, బాత్రూములో నిలబడి మాట్లాడ్తాండా. పాప బాగా సదువుతాంది. సార్లు గూడా సెప్తాండారు. నేను ఈడ గిన్నెలు తోమేది దాని కోసరమే. ఆ లైటు మా దోవకు ఏయమని మీ సభలో సెప్పు బావా." వెనకాల కొళాయి నీళ్లు పోతున్న చప్పుడు.

ఇతర అంశాల కింద వినిపించాను. "ఆడబిడ్డ మాట, ఊరికే కొట్టేయగూడదు. తనిఖీ చేద్దాం" అన్నాడు అధ్యక్షుడు. తనిఖీ అన్న మాట అందరికీ నచ్చింది, నిద్రపోతున్నవాళ్లు కూడా లేచారు. ఊళ్లో వార్డు మెంబరుకు వీడియో కాల్ చేశాం. అతను ఫోన్ ఎత్తిపట్టుకుని హైవే నుంచి కాలనీ దాకా నడిచాడు. దోవ బ్రహ్మాండంగా కనపడింది. కంపచెట్లు, స్తంభాలు, చివర్లో ఒక మేక, దాని మెడలోని తాడు రంగుతో సహా.

"యాడుందప్పా సీకటి? మేక కండ్లు గూడా కనపడ్తాండాయి" అన్నాడు అధ్యక్షుడు.

ఆ గదిలో పైమంచం మీద కోనసీమ ఆయన ఒకరుంటారు. సభ్యుడు కాదు, గది పంచుకునే మనిషి. అంతదాకా దుప్పట్లో ఉన్నాయన తల బయటపెట్టి, "అదేంటండీ బాబూ! ఇక్కడ మజ్జాన్నం రెండైతే అక్కడ నాలుగున్నరండీ. ఎండలో చూసి చీకటి లేదంటారేంటండీ?" అన్నాడు.

అధ్యక్షుడు తలెత్తి పైకి చూసి, "మీరు మా ఊరోళ్లు కాదు. మీకు సభలో మాట్లాడే హక్కు ల్యా" అన్నాడు. "ఆయ్, నాకెందుకులెండి" అని ఆయన మళ్లీ దుప్పటి కప్పుకున్నాడు.

తనిఖీ సభలోనే జరగాలి. సభ ఒంటిగంటకే జరగాలి, ఎందుకంటే సాయంత్రానికి డ్రైవర్లం యజమానుల ఇళ్లకు చేరాలి. మా నియమాల ప్రకారం చూస్తే ఆ దోవలో చీకటి పడే అవకాశమే లేదు.

నేను రాశాను. 'వీడియో ద్వారా తనిఖీ చేయగా సదరు దోవలో వెలుతురు తృప్తికరంగా ఉన్నట్టు గమనించడమైనది. లైటును తోరణానికి కేటాయిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.' గుండ్రంగానే రాశాను. కోనసీమ ఆయన మాట రాయలేదు. ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. అందరి ముందు అధ్యక్షుడికి ఎదురు చెప్పడానికి భయమేసింది. దానికి ఇంకో పేరు పెట్టి తప్పించుకోను.

అలవాటు ప్రకారం తీర్మానం ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టాను. అవ్వకు చదువు రాదు, ఎవరో చదివి వినిపించారు. సోమవారం నుంచి పాప బడికి పోలేదు.

మరదలు నన్నొక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఒట్టిపోయిన ఆవును కూడా అలా వదిలెయ్యరు, నన్ను వదిలేసింది. ఏ మెసేజీ లేదు. తరువాతి రెండు శుక్రవారాలు సింహం, నెమలి ఎటు చూడాలన్నది తేల్చాం. రోడ్డు వైపే చూస్తాయి. రాస్తుంటే నా రాత మీద నాకే అసహ్యం పుట్టింది. నేను కోపిష్టివాణ్ణే, కాకపోతే నా కోపం బస్సు వెళ్లిపోయాక స్టాండుకు వచ్చే రకం.

మూడో వారం గురువారం అధ్యక్షుడికి ఫోన్ చేశాను. "రేపు సభ నాలుగుంబావుకు పెట్టాల, అప్పటికి ఊర్లో సీకటి పడ్తాది. తనిఖీ మళ్లీ జరగాల. కాదంటే రాసేవాణ్ణి ఇంకోణ్ణి సూసుకోండి. ఖలాస్" అన్నాను.

"నాలుగింటికి అందరికీ డ్యూటీలుండ్లా?"

"ఒక్క పూట అడుక్కోండప్పా. ఆ పిల్ల మూడు వారాలుగా ఇంట్లో కూసోనుండాది."

ఆ గదిలో ఇంకెవరి రాతా వాళ్లకే అర్థం కాదన్న సంగతి ఆయనకు తెలుసు. సరేనన్నాడు.

నేనూ మామాను అడిగాను. మామా అంటే నేను కారు తోలే ఇంటి యజమానురాలు, ఇక్కడ పనివాళ్లందరం అలాగే పిలుస్తాం. శుక్రవారం సాయంత్రం సెలవెందుకని అడిగింది. మా ఊళ్లో చీకటి చూడాలన్నాను. నన్ను కిందినుంచి పైదాకా చూసి, అయిదున్నరకల్లా వచ్చెయ్యమంది.

ఈసారి ఫోన్ పట్టుకుని నడిచింది పాప. నేనే అడిగాను. హైవే దగ్గర టీకొట్టు ముందు అవ్వ నిలబడింది, కాలనీ మొదట్లో వార్డు మెంబరు నిలబడ్డాడు. మధ్యలో అర కిలోమీటరు.

టీకొట్టు దాటిన పది అడుగులకే ఫోన్ తెర నల్లబడింది. అధ్యక్షుడు తెరను చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు.

"నెట్ పోయినట్టుండాదే?"

"పోలేదు. నడుస్తాండా" అంది పాప.

ఆ తరువాత చెప్పుల కింద కంకర చప్పుడు. ఎక్కడో కుక్క. పాప ఊపిరి. నడక ఆగింది. "ఏమైందమ్మా?" అన్నాను. "ఏంల్యా పెద్నాయనా. పామనుకున్యా. పైపు." మళ్లీ కంకర చప్పుడు. దూరంగా మోటారు సైకిలు శబ్దం మొదలై దగ్గరికొచ్చింది. గదిలో ఉన్న ఎనిమిది మందిమీ ఆ నల్లటి తెర మీదికి వంగాం. బండి దాటిపోయింది. పాప అడుగులు వడివడిగా పడ్డాయి, తరువాత పరుగైంది.

చివరికి వార్డు మెంబరు టార్చి వెలుగులో ముఖం కనపడింది. చెమటలు కారుతున్నాయి.

"అయిపోయింది పెద్నాయనా. రాసుకుంటావా?" అంది.

అధ్యక్షుడు మినిట్స్ పుస్తకాన్ని నా వైపు జరిపాడు. ఆయనకూ ఊళ్లో ఇద్దరు కూతుళ్లున్నారు. "రాయప్పా. లైటు కాలనీ దోవకు. పాత తీర్మానం కొట్టెయ్" అన్నాడు. పైమంచం మీద కోనసీమ ఆయన దగ్గాడు. సభ్యుడు కాదు కనుక దగ్గు నమోదు కాలేదు.

బుధవారానికి లైటు పడింది. సర్పంచి దాని కింద నిలబడి ఫోటో దిగి పంపాడు. ఫోటోలో లైటు సగమే పడింది, సర్పంచి పూర్తిగా పడ్డాడు. అంతటితో నా పని అయిపోయిందనుకున్నాను. ఆ మరునాడు మరదలి మెసేజి వచ్చింది. "లైటు సూసినా బావా. పాప మాత్రం బడికి పోనంటాంది. ఇన్నాళ్ల పాఠాలు పోయినాయి, అందరూ నవ్వుతారంట. నా మాట ఇనడంల్యా. నువ్వన్నా మాట్లాడు బావా."

చదువు గొప్పదనం గురించి నాలుగు మంచి మాటలు మనసులో కూర్చుకుని ఫోన్ చేశాను. పాప "ఆ, పెద్నాయనా" అనేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆ పొద్దు ఎండలో సూసి, సీకటి లేదని రాసింది నేనేమ్మా. నన్ను మన్నించు" అన్నాను.

"తెలీక రాసినావా?"

"తెలిసే రాసినా."

"మళ్ల ఎందుకు రాసినావు?"

"భయపడి."

"నాగ్గూడా భయమే పెద్నాయనా. అయినా నడిసినా కదా" అంది.

ఆ పిల్ల కోప్పడి అనలేదు, ఉన్నమాట అంది. సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నువ్వు పోమ్మా బడికి. మావల్ల పోయింది, నీవల్ల కాదు. నవ్వితే నన్ను జూసి నవ్వమను" అన్నాను. "సూస్తాలే" అని ఫోన్ పెట్టేసింది.

సోమవారం పొద్దున మామాను ఎక్కించుకుని జాబ్రియా దాటుతున్నాను. సిగ్నల్ దగ్గర మరదలి మెసేజి విన్నాను. బడికి పోయిందట, జడలు కూడా తానే వేసుకుందట. పచ్చలైటు పడింది. నేను మాత్రం కదల్లేకపోయాను. వెనక బండ్లు హారన్లు కొడుతుంటే ఎలాగో పక్కకు తీసి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను.

మామా కంగారుపడి ముందుకు వంగింది. ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగింది.

లేదు మామా, మా ఊళ్లో ఒక పాప బడికి పోయింది అన్నాను.

అందులో ఏడవడానికి ఏముందో ఆమెకు అర్థం కాలేదు. "యల్లా" అంది, ఇక కదలమని. ముఖం తుడుచుకుని బండి తీశాను.