రెండు మొనల బాణం

మొన్న బిలాస్‌పూర్ శివారు మోప్కాలో గౌరీశు కొత్తింటికి వెళ్ళేసరికి గేటుకు రంగు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన తగలగానే పోయిన నాన్న గుర్తొచ్చాడు. లోపల అద్దాల బీరువాలో జానెడు చెక్క మిలిటరీ ట్రక్కు కనబడగానే నలభై ఏళ్ళనాటి కుళ్ళు మళ్ళీ లేచింది. యాభై ఏళ్ళొచ్చినా దానికి సిగ్గు రాలేదు.

నాన్న బిలాస్‌పూర్ షెడ్‌లో పెయింటరు. గూడ్సు వేగన్ల మీద నంబర్లు, బరువులు, మళ్ళీ రిపేరుకు రావలసిన తేదీలు తెల్లరంగుతో రాయడం ఆయన పని. వానలు వెనకబట్టి, క్వార్టర్ల వెనక రెల్లు తెల్లగా పూసి, పక్కింటి ఛత్తీస్‌గఢీ పిన్ని పంపిన ఠేఠరీలు మేం కరకర నములుతూ మెట్ల మీద గోళీలు లెక్కపెట్టుకునే సాయంత్రాల్లో, సైకిలు గంట వినబడకముందే టర్పెంటైన్ వాసన వచ్చి నాన్న డ్యూటీ దిగాడని చెప్పేది. "అక్షరం తప్పితే వేగను తోవ తప్పిపోద్ది" అనేవాడు. అన్ని వేగన్లకు రాసే మనిషి నా నోటుబుక్కు అట్ట మీద నా పేరు ఒక్కసారి రాయలేదు. అడిగితే "సెయ్యి నొప్పెడతందే పైడమ్మా, రేపు రాస్తాన్లే" అనేవాడు. ఆ రేపు రాలేదు.

గౌరీశు వెనక క్వార్టరు పిల్లాడు, నా ఈడువాడు. దసరాకు కాలనీ మైదానంలో పూజ పందిరి వేసి పిల్లలకు బొమ్మల పోటీ పెట్టేవారు. ఆ ఏడు వాడు ప్యాకింగు చెక్కతో ట్రక్కు చేశాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో వాళ్ళ మావయ్య నడిపిన ట్రక్కట. ఏ గుర్తు ఎక్కడుండాలో ఆయన ఉత్తరంలో గీసి పంపిన కాగితం పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబాయ్, నంబరుకు ముందు బాణం ఉండాల. మొన పైకే ఉండాల. మిలిటరీ బండికి అదే నిసానీ."

"అచ్ఛా! మరి ఈ పసుపు సున్నాలో నల్లంకె ఏటిరా?"

"బండి బరువు. ఏ వంతెన మోస్తాదో దాన్ని సూసే సెప్తారంట."

నాన్న మొహం వెలిగిపోయింది. మిలిటరీవాళ్ళదీ తన వేగన్ల భాషేనని అప్పుడే తెలిసింది కాబోలు.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఆ వారమంతా టీ చల్లారిపోతున్నా ఇద్దరూ వరండాలో తలలు ఆనించి కూర్చునేవారు. నాన్న సన్న కుంచెతో ఊపిరి బిగబట్టి అంకెలు రాశాడు. యుద్ధంలో శత్రువు పోల్చుకోకుండా దళం గుర్తును బురదతో కప్పేవారని గౌరీశు చెబితే, అక్షరం మీద దుమ్ము పడితే ఊరుకోని మనిషి తాను వేసిన గుర్తు మీద తానే తడిమట్టి పూశాడు. చక్రాలు కుదరకపోతే, ఎద్దుల పండగ పోలాకు తోర్వా బజారులో నాకు కొన్న చెక్క ఎద్దు చక్రాలు ఊడదీసి ఇచ్చేశాడు. "పెద్దదానివైపోనావు గదే, నీకెందుకు?" అన్నాడు. నాకు తొమ్మిదేళ్ళు. గౌరీశుకూ తొమ్మిదే.

పోటీనాటి పొద్దున ట్రక్కు మా వరండాలో ఆరుతోంది. నాన్న స్నానానికి వెళ్ళాడు. నేను ఆ సన్న కుంచె తీసి, తెల్లబాణం కింది కొసకు కూడా రెండు గీతలు గీశాను. ఇప్పుడు దానికి రెండు మొనలు, ఒకటి పైకి, ఒకటి కిందకి. అంత తిన్నని గీతలు నేను అంతకుముందెప్పుడూ గీయలేదు.

తీర్పు చెప్పడానికి వచ్చిన రిటైరైన సుబేదారు ట్రక్కును ఎత్తి, మట్టి పూసిన గుర్తు చూసి "వాహ్" అన్నవాడల్లా నంబరు దగ్గర ఆగి నవ్వాడు. "యే తీర్ కిధర్ జాయేగా? ఊపర్ యా నీచే?" అన్నాడు, బాణం పైకి పోతుందా కిందికా అని. పందిరంతా ఘొల్లుమంది. గౌరీశు కళ్ళనీళ్ళతో నాన్నవైపు చూశాడు. నాన్న బాణాన్ని చూశాడు, తర్వాత నన్ను. నా బొటనవేలి మీది తెల్లరంగు ఇంకా పోలేదు.

"గల్తీ మేరీ హై, సాబ్."

పాతికేళ్ళ సర్వీసులో ఒక్క అంకె తప్పని మనిషి, అంతమంది ముందు తప్పు తనదేనన్నాడు. ప్రైజు వేరే పిల్లాడికి పోయింది. ఇంటికొచ్చాక టర్పెంటైన్ గుడ్డతో నా వేలు తుడిచాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"గీత మాత్రం తిన్నగా ఉందే," అన్నాడు చివరికి. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఆ క్వార్టర్లు కూలగొట్టేశారు. నాన్న రాసిన వేగన్లు ఎప్పుడో తుక్కుకు పోయాయి. ఆయన చేతిరాత ఇప్పుడు ఈ జానెడు చెక్క మీదే ఉంది, అదీ గౌరీశు ఇంట్లో, నా ఎద్దు చక్రాల మీద.

గౌరీశు బీరువా తెరిచి ట్రక్కును నా చేతిలో పెట్టాడు. "సూడు, బాబాయ్ సేతి తప్పు. జిందగీలో ఆయన సేసిన ఒకే ఒక్క తప్పు. అందుకే ఎవుల్నీ దిద్దనీలేదు," అన్నాడు.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. చెబితే ఆ రెండు గీతలూ చెరిపించేస్తాడు. నాన్న అంకెల పక్కన నాకున్న చోటు అంతే.

"అవును," అన్నాను. "నాన్న గీతే."