చంద్రుడు తప్పిన గడియారం

బెంజ్ సర్కిల్లో ఎక్కిన కొండపల్లి బస్సు గొల్లపూడి దాటేసరికి పొద్దు వాలిపోయింది. రంజాన్ రోజులు. పక్క సీట్లో గడ్డం నెరిసిన సాయిబు గారు ఖర్జూరప్పండు చేత్తో పట్టుకుని, "టైమెంతయిందండీ?" అన్నారు.

నా దగ్గరున్న స్విస్ గడియారాల్లోకెల్లా ఖరీదైనది ఆ రోజు నా చేతికి ఉంది. తారీకు, వారం, నెల, చంద్రకళ అన్నీ చూపిస్తుంది. గర్వంగా చెయ్యి చాపాను. "ఆరుంపావు దాటిందండీ. ఇక ఉపవాసం విడవచ్చు."

ఆయన వంగి చూశారు. "ఇందులో పున్నమి చంద్రుడున్నాడేంటండీ? నెలవంక చూసి మూడ్రోజులేగా అయింది!"

పెట్టెలో పడుండి ఆగిపోయిన గడియారమది. పొద్దున టైమూ తారీకూ సరిచేసి, చంద్రుణ్ణి ఎవరు చూస్తార్లే అని వదిలేశాను.

"చంద్రుణ్ణి వదిలెయ్యండి. టైము కరెక్టేనండీ."

"చంద్రుడి దగ్గరే తప్పిందాన్ని టైముకెట్టా నమ్మనండీ? పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నిమిషం ముందు తిన్నా అంతా పోతుంది."

ఒళ్ళు మండి జేబులోంచి ఫోన్ తీసి చూపించాను. అందులోనూ అదే టైము.

"ఫోనైతే సరేనండీ," అని ఆయన బిస్మిల్లా చెప్పుకుని పండు నోట్లో వేసుకున్నారు. ఇంకొకటి నా చేతిలో పెట్టారు.

ఇప్పటికీ ఆ గడియారం పెట్టెలోంచి తీసిన ప్రతిసారీ, ఆయన్ని విసుక్కుంటూనే, ముందు మేడెక్కి చంద్రుణ్ణి చూసొస్తాను.