రెండు సీట్ల కారు బేరం

నాకు కారు పిచ్చి పట్టింది సాగర్ డ్యాము కడుతున్న రోజుల్లో. గురజాల దగ్గర మా ఊళ్లో అప్పటికే నేను ట్రాక్టరు తోలేవాణ్ణి. ట్రాక్టరు తోలడం వస్తే విమానం నడపడం కూడా వచ్చినట్టేనని నా నమ్మకం. డ్యాము పనిలో ఉన్న ఒక ఇంజనీరు బదిలీ మీద వెళ్లిపోతూ తన జర్మనీ కారు అమ్ముతున్నాడని మాచర్లలో విన్నాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మా వైపు ఎద్దులు కొనడానికి ఎవరూ ఒంటరిగా వెళ్లరు. పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుపోవాలి, వాళ్లు చూసి ఊఁ అంటేనే బేరం. చదువుకున్నవాణ్ణి, ఇలాంటివి నాకు పట్టవని ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ణి. తీరా కారు కొనబోయే రోజు మా మేనమామను, మరో ఇద్దరు పెద్దల్ని బతిమాలి బస్సెక్కించాను. నా భార్యా బయల్దేరింది. ఎత్తిపోతల జలపాతం చూపిస్తానని పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమెకు చెబుతూనే ఉన్నాను. అప్పటికి ఆరేళ్లు. పని అయ్యాక తప్పకుండా చూద్దామన్నాను.

డ్యాము దగ్గర ఇంజనీరు ఇంటిముందు నిలబెట్టి ఉంది కారు. బూడిద రంగు, నేలకు ఆనుకున్నట్టు పొట్టిగా ఉంది. పైన గుడ్డ టాపు, మడిచి వెనక్కి తోసేయొచ్చు. ఇంజనీరు రోజూ తనే తుడుచుకునేవాడట, ఎక్కడా చిన్న గీత లేదు. మామ ఎద్దును చూసినట్టు దాని చుట్టూ తిరిగాడు. వీపు నిమిరాడు. చక్రాలు తట్టాడు. మరో పెద్దాయన గొంతుక్కూర్చుని అడుగున తొంగి చూశాడు. ఎద్దుకు చూసినట్టు మంచీచెడూ చెప్పే సుడులు వెతుకుతున్నాడేమోనని నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏందిరా ఇది, రెండే సీట్లున్నయ్యి?" అన్నాడు మామ.

"స్పోర్ట్స్ కారు మామా, అట్టనే ఉంటది," అన్నాను, అలాంటివి నాలుగు మేపినవాడిలాగా.

ఇంజనీరు ఎందుకో నన్ను నమ్మి తాళం చేతిలో పెట్టాడు. "మీరూ మీ ఆవిడా ఎత్తిపోతల దాకా వెళ్లి రండి. నచ్చితేనే కొనండి," అన్నాడు. ఆయన మాట పూర్తయ్యేలోపే నా భార్య పక్క సీట్లో కూర్చుంది. కొంగు భుజం చుట్టూ లాక్కుని, రోడ్డు వైపు చూస్తూ, నవ్వు ఆపుకుంటోంది. ఆమె ఏ పనైనా అంత తొందరగా చేయగా నేనెప్పుడూ చూడలేదు.

పెద్దలు ముగ్గురూ నా వైపు చూశారు. బండిలో ఆడవాళ్లు వెనక కూర్చునే ఊరు మాది. టాపు తీసిన కారులో పెళ్లాన్ని పక్కన పెట్టుకుని పోతే ఏమనుకుంటారోనని నాకు చెమటలు పట్టాయి. మా ఊరి లైబ్రరీలో ఆడవాళ్ల సమానత్వం మీద గంటసేపు ఉపన్యాసం దంచిన మొనగాణ్ణి నేనే.

"దిగవే. మామ కూర్చుంటాడు," అన్నాను.

ఆమె దిగింది.

మామ తలపాగా ఎగిరిపోకుండా రెండు చేతులా పట్టుకుని, దారంతా కళ్లు మూసుకున్నాడు. ఎత్తిపోతల దగ్గర కళ్లు తెరిచి, "నీళ్లు పడతన్నయ్యి. ఇంక పోదాం పద," అన్నాడు. తిరిగొచ్చాక తీర్పు చెప్పాడు. "బండి చానా మంచిదే. మనకు పనికిరాదు. ఇంటిల్లిపాదీ యాడ కూర్చుంటారు?"

నేను బుద్ధిమంతుడిలా తలూపి తాళం ఇచ్చేశాను. చివరి బస్సుకు వేళవుతోందని అందరం పరుగెత్తాం. ఎత్తిపోతల మలుపు దగ్గర బస్సు ఆగలేదు. ఆపమని నేనూ అడగలేదు.

కొన్నేళ్లకు నాలుగు తలుపుల పెద్ద కారు కొన్నాను. ఈసారి ఏ పెద్దమనిషినీ పిలవలేదు. ఇంటిముందు ఆపి, ముందు తలుపు నేనే తీసి, "రావే, కూర్చో," అన్నాను. ఆమె వెనక తలుపు తీసుకుని లోపల సర్దుకుంది. ముందుకు రమ్మని బతిమాలాను.

"ఎందుకులేయ్యా," అంది. "ఎవరన్నా పెద్దోళ్లొస్తే మళ్లీ దిగాలిగా."