తాత వేసిన సిమ్ము

నేను వికారాబాద్‌లో డిగ్రీ చదువుతున్నప్పటి సంగతి. బస్టాండు ఎదుట గోడ నిండా ఒక కొత్త మొబైల్ నెట్‌వర్క్ ప్రకటన ఉండేది: ‘ఊరూరా ఫుల్ సిగ్నల్’. దుకాణంలో దాని ఇంటర్నెట్ స్పీడు చూసి నాన్నా నేనూ ఆ నెట్‌వర్క్‌కు మారిపోయాం. నాయనమ్మ మాత్రం తన బటన్ల ఫోన్ ముట్టనివ్వలేదు.

“నంబరు మారదు నాయనమ్మా” అంటే, “మీ తాత చేతితోని ఏసిన సిమ్ము. పానం పోయినా తియ్య” అంది. చనిపోయిన తాత గుర్తు కదా అని దాన్ని అలాగే వదిలేశాం.

ఆ వానాకాలం బంట్వారం దగ్గరి మా కందిచేనులో ముగ్గురం కలుపు తీస్తుంటే నాన్నను పాము కరిచింది. నాన్న ఫోన్లో, నా ఫోన్లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. ఫోన్ పైకెత్తి గట్టంతా పరుగెత్తాను. నాన్న మాట అప్పటికే ముద్దగా వస్తోంది.

“పరేషాన్ గాకు బిడ్డా, గీ ఫోన్ల చెయ్” అంటూ నాయనమ్మ తన ఫోన్ నా చేతిలో పెట్టింది. ఫోన్లో మాట్లాడాలంటేనే బిడియపడే నేను, మా ఊళ్లో ఆటో నడిపే మల్లన్న ఎత్తగానే చేనంతా వినబడేలా అరిచాను.

“ఏడ్వకు చెల్లే, గిప్పుడే వస్త” అన్నాడతను.

తాండూరు ఆస్పత్రిలో నాన్న బతికాడు. ఆయన కళ్లు తెరిచాక నాయనమ్మ చెవి దగ్గరకు వంగి, “మీ నాయిన పలికిండు కొడకా” అంది.

పలికింది ఆ పాత నెట్‌వర్క్ టవరని నాకు తెలుసు. కానీ ఆ మాట నాయనమ్మతో ఇప్పటిదాకా అనలేదు.